ఆదివారం బారువకి రావలసిన ఓడ

ముందే చెప్పేస్తే తరవాత గొడవుండదు. నేను పెంచి చెబుతాను. వానని తుఫాననీ, దోమని పిచ్చుకనీ, మా వీధి చివర కల్వర్టుని వంతెననీ చెప్పడం నాకు చిన్నప్పటి జబ్బు. దీనికి మా ఆవిడ పార్వతి పెళ్ళయిన కొత్తలోనే మందు కనిపెట్టింది. నేనేం చెప్పినా నాలుగుతో భాగించి వింటుంది. భోజనానికి పది మంది వస్తున్నారంటే రెండున్నర మందికి బియ్యం పోస్తుంది, అన్నం ఎప్పుడూ సరిపోతుంది. మీరూ అదే పద్ధతి పాటించండి.

మేమిద్దరం ఓడెక్కి ప్రపంచం చుట్టి వచ్చాం. ఇందులో మాత్రం భాగించడానికేమీ లేదు. మాది పలాస. కాశీబుగ్గ వైపు చిన్న జీడిపప్పు యూనిట్ ఉంది. పని పార్వతి చూస్తుంది, గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయే వాళ్ళతో మాట్లాడే బరువైన బాధ్యత నాది. పెళ్ళయినప్పటినుంచీ విశాఖపట్నం దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. అదీ పళ్ళ డాక్టరు కోసం. తిరగని తిరుగుళ్ళన్నీ కూడబెట్టి ఒకేసారి తిరిగేశాం.

ఓడ ఆలోచన నాది కాదు. ఒకరోజు పప్పు ఏరుతూ ఏరుతూ ఆవిడే అంది. "సిన్నప్పట్నించీ సముద్రాన్ని ఇటేపు నించే సూసేనండి. ఓపాలి అటేపు నించి మన ఒడ్డుని సూడాల."

ఆవిడ పుట్టిల్లు జలంత్రకోట. పండగ స్నానానికి ఇంటిల్లిపాదీ బండి కట్టుకుని బారువ వెళ్ళేవారట, మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోటికి. పెద్దవాళ్ళు మునుగుతుంటే ఈవిడ ఇసకలో కూర్చుని దూరాన చీమల్లా పాకే ఓడల్ని చూసేది. ఎప్పుడు వెళ్ళినా ఏదో ఒక ఓడ కనిపించేది. దాంతో ప్రపంచంలోని ఓడలన్నీ బారువ ముందు నుంచే తిరుగుతాయని ఆవిడకి స్థిరపడిపోయింది. మందస వెళ్ళే బస్సులన్నీ కాశీబుగ్గ మీంచే వెళ్తాయి కదా, అలాగన్నమాట. కాబట్టి మా ఓడ కూడా తిరుగు ప్రయాణంలో బారువ ముందు నుంచే వెళ్తుంది, ఆవిడ కమ్మీ పట్టుకుని నిలబడి తన ఒడ్డుని చూసుకుంటుంది. ప్రపంచం మొత్తంలో ఆవిడకి కావలసింది ఆ ఒక్కటే. మిగతాదంతా అక్కడికి చేరే దారి. నేను తలూపాను. భార్య చెప్పిన భూగోళానికి ఎదురు చెప్పే అలవాటు నాకు లేదు.

పెనాంగు

కొచ్చిలో ఎక్కి, ఆఫ్రికా అడుగు నుంచి వెళ్ళి, బ్రెజిల్ తాకి, పనామా కాలవలోంచి దూరి, చిలీ చూసి, పసిఫిక్ అంతా ఈదుకుంటూ వచ్చేసరికి చివరి మజిలీ పెనాంగు మిగిలింది. అక్కణ్ణించి మద్రాసు, తరవాత రైలు.

ఆ ఓడ ఎంతదంటే, మా కాశీబుగ్గ బజారుని నిలువునా నిలబెట్టి, దాని నెత్తిన ఇంకో బజారు పెట్టి, ఆపైన ఈత కొలను తవ్వినట్టుంటుంది. భోజనాల హాల్లో ఈ కొస వాడు ఉప్పు అడిగితే, అది చేరేలోగా మధ్యాహ్న భోజనం కాస్తా రాత్రి భోజనమవుతుంది. అక్కడ పెట్టే రొట్టెల రకాలు లెక్కపెట్టబోయి ఒక జర్మనీ ఆయన మధ్యలో నిద్రపోయాడు. పార్వతి మాత్రం రోజూ పెరుగన్నమే తినేది, పెట్టెలో తెచ్చుకున్న మాగాయ నంజుకుని. మాగాయ వాసనకి పక్క బల్ల మీది ముసలి దంపతులు మొదటి వారం ముక్కు మూసుకున్నారు, రెండో వారం కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు, మూడో వారం చెంచాలు పట్టుకుని వచ్చారు.

పెనాంగులో దిగి రోడ్డు పక్క నూడుల్స్ తిన్నాం. వండేవాడు పెనాన్ని గాల్లోకి ఎగరేస్తే నూడుల్స్ ఒక ప్రదక్షిణ చేసి మళ్ళీ అందులోనే పడుతున్నాయి. అక్కడ ఫోను పలకగానే పార్వతి గున్నమ్మకి చేసింది. గున్నమ్మ మా యూనిట్‌లో పప్పు మీద పొర తీసే ఆడవాళ్ళందరికీ పెద్ద. మేం లేనన్నాళ్ళూ తాళాలు ఆమె బొడ్డునే ఉన్నాయి.

"అమ్మా, ఓడ బారువకాడికి ఎప్పుడొత్తాది?" అంది గున్నమ్మ. "మేమందరం ఒడ్డున నిలబడతాం. ఎర్రకోకలు ముడేసి ఊపుతాం. నీకు కనిపిత్తాదా?"

"ఎందుకు కనిపించదే. దుర్బిణీ కొన్నాను కదా. సుక్కురోరం అవొచ్చు."

"సుక్కురోరమా? ఆ రోజు లోడు ఎత్తాల కదమ్మా. ఆదోరం రమ్మను."

"ఓడనా?"

"మరేటి. అన్ని నెల్లు తిరిగిన ఓడ రెండ్రోజులు ఆగమంటే ఆగదేటి?"

పార్వతి నావైపు చూసింది. నేను ఫోను అందుకున్నాను. "ఆగుతుంది గున్నమ్మా. కెప్టెన్ నాకు బాగా తెలుసు. ఆదివారం పొద్దున్న బారువ ముందు ఆపి, హారన్ కూడా కొట్టిస్తాను."

కెప్టెన్ నాకు తెలియడమంటే, మెట్ల పక్క గోడకి ఆయన ఫొటో ఉండేది. రోజూ దాని ముందు నుంచే కాఫీకి వెళ్ళేవాణ్ణి. పార్వతి నా మాటని యథాప్రకారం భాగించే ఉంటుంది. కానీ ఎంత భాగించినా పావు హారనైనా మిగులుతుందని ఆశపడింది. అది ఆవిడ ముఖంలో తెలిసిపోయింది.

గీత

మా గదిలో ఒక టీవీ. అందులో ఒక చానల్లో సముద్రం బొమ్మ, దానిమీద చిన్న ఓడ, అది వెళ్ళబోయే దారి గీత. సినిమాలన్నీ మానేసి పార్వతి నెలల తరబడి ఆ గీతనే చూసింది. పెనాంగు దాటిన సాయంత్రం నన్ను పిలిచింది.

"ఏటండీ, ఈ గీత ఇటెల్తందేటి?"

గీత తిన్నగా మద్రాసుకి పోతోంది. బారువ ఆ గీతకి ఎంత పైనుందంటే, మంచమెక్కి చెయ్యి చాపితేగానీ నాకు అందలేదు.

"గాలిని బట్టి మారుతుందిలే," అన్నాను.

"ఇది తెరసాప ఓడ కాదు కదండీ."

ఇద్దరం ధర్మారావు దగ్గరికి వెళ్ళాం. ధర్మారావు ఓడ చాకిరేవులో పని చేస్తాడు. చాకిరేవంటే నా మాటే గానీ, అక్కడ రోడ్డు రోలర్లంత యంత్రాలున్నాయి. ఆఫ్రికా దగ్గర ఉండగా నా లుంగీ పట్టుకుని వెతుక్కుంటూ గదికొచ్చాడు. "మూడుసార్లు ఉతికేన్సార్, ఈ మరక పోలేదు. ఇది జీడిపిక్క నూనె మరక. ప్రెపంచకంలో ఏ సబ్బుకీ పోదు. మీది పలాసేనా?" అన్నాడు. వాడిది సంతబొమ్మాళి అవతల సముద్రపు పల్లె. ఆ పూట నుంచి నేను బావనీ, పార్వతి అక్కనీ అయిపోయాం. మరక మాత్రం ఇప్పటికీ ఉంది.

"ఓడలన్నీ మన ముందు నించే ఎల్తాయనుకున్నాను తమ్ముడూ," అంది పార్వతి.

ధర్మారావు దుప్పటి మడత పెట్టడం ఆపాడు. "నేనూ అలాగే అనుకుని ఓడెక్కేనక్కా. ఏదో ఒకరోజు మా ఊరు కనిపిత్తాదని. ఎక్కిన కాడ్నించీ సూత్తన్నాను. జనం ఎక్కే ఓడేదీ అటు ఎల్దు. మనకి కనిపించేవి సరుకు మోసే బొగ్గోడలు, ఇనప్పిండి ఓడలు."

మేం తిరిగి వచ్చేస్తుంటే వాడే వెనక నుంచి అన్నాడు. "ఎలాగైనా నువ్వు సూసేవనుకో, ఎలాగుందో నాకు సెప్పక్కా."

ఆవిడ గదికొచ్చి దుర్బిణీని సంచిలో పెట్టి జిప్పు లాగేసింది. మద్రాసు కనిపిస్తోందని జనమంతా పైకి పరిగెత్తినప్పుడు కూడా తీయలేదు.

మద్రాసు, రైలు

శుక్రవారం దిగాం. మద్రాసు మొదటి కాఫీకి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. సిడ్నీలో ఒక కప్పు టీకి ఇచ్చిన డబ్బుతో మా బస్టాండులో ఒక బస్సు మొత్తానికి, డ్రైవరుతో సహా, టీ పట్టించవచ్చు.

గున్నమ్మకి ఫోన్ చేసి సంగతి చెప్పేస్తానన్నాను. పార్వతి నా చెయ్యి పట్టుకుంది. "వొద్దండి. కోకలు ముడేసేసుంటారు."

రైల్లో ఎదుటి సీటు పెద్దాయనది నెల్లూరు. మేం ప్రపంచం చుట్టి వస్తున్నామని తెలిశాక ఆయన పడుకోలేదు, నేను పడుకోనివ్వలేదు. భూమధ్యరేఖ దాటినప్పుడు మా నెత్తిన చన్నీళ్ళు పోశారని, పనామా కాలవలో ఓడకీ గోడకీ మధ్య నా బనీను కూడా పట్టదని చెప్పాను. బనీను సంగతి ఇంచుమించు నిజం.

"మీకేం నచ్చిందమ్మా?" అన్నాడాయన పార్వతిని.

"బ్రెజిల్లో కాజూ," అంది ఆవిడ.

అది నేను వివరించాలి. ఫోర్టలేజా అనే రేవులో దిగి బజార్లో పోతుంటే ఒకామె "కాజూ, కాజూ" అని కేకేస్తోంది. పార్వతి నిలువునా ఆగిపోయింది. చూస్తే బుట్టలో మన జీడిమామిడి పళ్ళే, ఎర్రగా, పచ్చగా, కింద పిక్క వేలాడుతూ. ఆ చెట్టు పుట్టిల్లు ఆ దేశమేనట. ఎప్పుడో ఓడవాళ్ళు మన దేశానికి తెచ్చారట. చెట్టుతో పాటు పేరూ ఓడెక్కింది. ఆమె పళ్ళు పిండి రసం ఇచ్చింది. గొంతు పట్టే వగరు పోయి తియ్యగా ఉంది. ఎలా పోగొట్టారో ఆమె చేతులతో చెప్పింది, మాకు అర్థం కాలేదు. మీ దగ్గర పండుని ఏం చేస్తారని అడిగింది. పార్వతి పిక్క తెంపినట్టు, పండుని వెనక్కి విసిరేసినట్టు చేసి చూపించింది. ఉద్దానంలో, అంటే మా పలాస చుట్టుపక్కల, మేం చేసేది అదే. తోటల్లో పళ్ళు కాళ్ళ కింద కుళ్ళిపోతాయి. ఆమె కాసేపు పార్వతిని, ఎండలో బిడ్డని వదిలేసి వచ్చిన తల్లిని చూసినట్టు చూసింది. తరవాత ఆమె అమ్మే పప్పు చూసి పార్వతి, గుండు పప్పులో విరిగిన బద్దలు కలిపావని వేలితో ఏరి చూపించింది. అప్పుడు సరికి సరి అయిపోయి ఇద్దరూ నవ్వుకున్నారు. ఒకరి మాట ఒకరికి రాదు. గంటసేపు మాట్లాడుకున్నారు.

నెల్లూరు పెద్దాయన అంతా విని, "ఇంత చూసి వస్తూ మీరెందుకమ్మా దిగులుగా ఉండారు?" అన్నాడు.

"ఒక ఊరు మిగిలిపోయిందండి."

"ఏ దేశంలో?"

"బారువ," అంది పార్వతి. ఆయన అది దక్షిణ అమెరికాలో ఉందనుకుని తల పంకించాడు.

నౌపడ, టెక్కలి

పలాసలో దిగితే స్టేషన్లో ప్రతి పోర్టరూ మమ్మల్ని గుర్తుపడతాడు. శనివారమే దిగిపోయామని తెలిస్తే గున్నమ్మ వాళ్ళకి ఆదివారం ఓడ ఉండదు. అందుకని ముందే నౌపడలో దిగిపోయాం. ఉప్పుమళ్ళ పక్కన తెల్లటి కుప్పలు. వాటిని చూస్తే చిలీ మంచు కొండలు కాస్త పొట్టిగా అనిపించాయి.

టెక్కలిలో పార్వతి అన్నయ్య జగన్నాథం ఉంటాడు. ఎరువుల కొట్టు. నాకు బావ, నేను ఆయనకి బావ. ఇరవై ఏళ్ళుగా ఇద్దరం ఒకరినొకరు వేళాకోళం చేసుకోవడం మీదే బతుకుతున్నాం.

"ఏటి బావా, ప్రెపంచకం అంతా తిరిగొచ్చి టెక్కిల్లో దాక్కుంటన్నావా? పోలీసులేటి?"

"పోలీసులైతే నయం బావా. గున్నమ్మ."

సంగతంతా విన్నాడు. చోడి అంబలి, అదే రాగి జావ, గ్లాసుల్లో పోసి, ఉల్లిపాయ, వేయించిన ఎండు నెత్తళ్ళ చేపలు పక్కన పెట్టింది వాళ్ళావిడ. ఓడలో వెండి పళ్ళేల్లో తిన్నదంతా ఆ మొదటి గుక్కకి చెరిగిపోయింది.

"ఓడ రాకపోతే ఏటి, పడవెక్కు," అన్నాడు జగన్నాథం చెల్లెలితో. "సముద్రం అదే కదా. ఒడ్డూ అదే. బారువకి ఇవతల జాలారి ఎర్రయ్యని నాకు తెల్సు. అలలు దాటించి, బారువ ముందుకి తీసుకెల్లి దింపుతాడు."

పార్వతి గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి ఆగింది. ఆఫ్రికా చివర్న ఓడ ఊగినప్పుడు కూడా ఆవిడ చేతిలో గ్లాసు అలా ఆగలేదు.

పలాస (ఆగలేదు)

ఆదివారం పొద్దున్నే బావ కారులో బయల్దేరాం. బారువ వెళ్ళాలంటే కాశీబుగ్గ దాటాలి. ప్రపంచంలో ఎన్నో ఊళ్ళలో తలెత్తుకుని తిరిగినవాణ్ణి, సొంత ఊరు రాగానే తువ్వాలు ముసుగేసుకుని సీటు మీంచి జారాను. పార్వతి నా పక్కన వంగుంది. అద్దాల్లోంచి జీడి కాల్చిన పొగ వాసన వచ్చింది.

"ఇది మన బట్టీ కాదు," అంది ఆవిడ ముక్కుతోనే ఊరంతా చూస్తూ. "మనది ఆదోరం మండదు. పెద్దవీధి వాళ్ళది. పిక్క ఎక్కువ కాల్చేస్తన్నారు."

లారీ అడ్డొచ్చి కారు ఆగింది. ఎవరో అద్దం మీద కొట్టారు. కొబ్బరిబొండాల అప్పన్న.

"ఏటి మావా, ఓడ దిగిపోయేవేటి?"

"నేను కాదు," అన్నాను తువ్వాల్లోంచి.

అప్పన్న కాసేపు ఆలోచించాడు. "సరే మావా. ఎవలైనా అడిగితే నువ్వు కాదని సెప్తాన్లే."

బారువ

బారువకి ఇవతలి ఒడ్డున ఎర్రయ్య ఫైబరు పడవ ఇసకలో ఉంది. వల అందులో చుట్టి ఉంది. పార్వతిని చూసి ఆయన తల గోక్కున్నాడు. "జగన్నాథం బాబు ఫోన్ సేసినప్పుడు ఆడకూతురని సెప్పలేదు. మాలో వలున్న పడవ ఆడోళ్ళు ఎక్కరమ్మా. వేటకి మంచిది కాదంటారు."

నేను ఏదో ఉపన్యాసం మొదలెట్టబోయాను. పార్వతి నన్ను పక్కకి తప్పించింది.

"అయితే వల దించెయ్యి నాయనా. నేను వేటకి కాదు, సూడ్డానికి."

ఎర్రయ్య ఆ మాటని ఒకటికి రెండుసార్లు తిరగేసుకున్నాడు. తప్పెక్కడా కనపడలేదు. కొడుకుతో కలిసి వల దించి ఇసకలో పరిచాడు. వల లేని పడవ వట్టి పడవ. పార్వతి చీర కుచ్చిళ్ళు దోపుకుని ఎక్కింది. వెనకాలే నేను ఎక్కి ముందు కొసన నిలబడ్డాను.

మొదటి కెరటం తాటిచెట్టంత. రెండోది మహేంద్రగిరంత. పడవ నిలువుగా లేచి, ఆకాశాన్ని ముక్కుతో ఒకసారి పొడిచి, దబ్బున కింద పడింది. నేను కొస మీంచి కదల్లేదు. ఎర్రయ్య, "బాబూ, మీరు మా కులంలో పుట్టవలసింది," అన్నాడు. మూడో కెరటం దాటాక సముద్రం ఉన్నట్టుండి నేల అయిపోయింది. ఇంజన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. పడవ ఉత్తరానికి తిరిగింది.

అప్పుడు పార్వతి వెనక్కి తిరిగి చూసింది.

ముందు సన్నటి ఇసక గీత. దాని మీద సరుగుడు తోట, నల్లటి అంచులాగ. ఆపైన కొబ్బరి తలలు. ఒకచోట దీపస్తంభం, అగ్గిపుల్ల నిలబెట్టినట్టు. అన్నిటికీ వెనక నీలంగా మహేంద్రగిరి. ఒడ్డున నిలబడి సముద్రాన్ని చూసేవాళ్ళకి ఆ కొండ ఎప్పుడూ వీపు వెనకే. ఆవిడ దుర్బిణీ బయటికి తీసింది. కొన్న తరవాత అది మొదటిసారి పనికొచ్చింది. ఇసక మీద ఎర్రగా ఒక గీత కదులుతోంది. మూడు చీరలు ముడేసి, అటూ ఇటూ పట్టుకుని, ఊపుతున్నారు.

"గున్నమ్మ," అంది. "అందరూ వచ్చేరు. మన పప్పు ఏరే బుడ్డి కూడా వచ్చింది. దానికి జరమన్నారు కదా, ఎందుకొచ్చింది."

పడవ ఒడ్డుకి తగిలేసరికి చీరలు ఊపడం ఆగింది. అందరూ పడవ వెనక్కి, ఇంకా వెనక్కి, సముద్రంలోకి చూస్తున్నారు.

"ఓడేదమ్మా?" అంది గున్నమ్మ.

హారన్ పాడైందనో, కెప్టెన్‌కి జ్వరమనో నేను చెప్పడానికి నోరు తెరిచాను. పార్వతే ముందు చెప్పింది.

"ఓడ ఇటు రాదటే గున్నమ్మా. నేనొచ్చాను."

గున్నమ్మ పడవని చూసింది, నన్ను చూసింది, తడిసిన పార్వతిని చూసింది.

"ఓడతో మాకేటమ్మా పని. దిగు ముందు, కోకంతా తడిసిపోయింది." ఊపిన ఎర్రచీరల్లో ఒకటి ముడి విప్పి, పార్వతి భుజాల చుట్టూ కప్పింది.

ఇక లెక్క

ఇంతవరకూ చదివి, మీరు వేటిని భాగించాలా అని చూస్తూ ఉంటారు. ఓడని భాగించండి, రొట్టెల్ని భాగించండి. మరక, గీత, నెల్లూరాయన, బ్రెజిల్ ఆమె, ఓడని ఆదివారం రమ్మన్న గున్నమ్మ, దించిన వల, ఎర్రచీరలు, ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టే. అబద్ధం ఒక్కటే చెప్పాను. పడవలో నేను లేను.

పడవ తొయ్యడానికి నీళ్ళలో దిగాను. నురగ మోకాలికి తగిలింది. అన్ని సముద్రాలూ దాటినవాణ్ణి, ఎప్పుడూ ఏడంతస్తుల పైనుంచే దాటానని అప్పుడు తెలిసింది. "నేను కారులో వస్తానే," అన్నాను. ఎర్రయ్య కొడుకు నవ్వాడు. బావా నేనూ బారువ వెళ్ళేసరికి గున్నమ్మ నన్ను పట్టుకుంది. "మీరిక్కడున్నారు, మరి ఓడేది బాబూ?" అంది. వస్తోంది అన్నాను. నా చేతికి చీర కొస ఇచ్చారు. అందరితో పాటు నేనూ ఊపాను. ఎండలో, తువ్వాలు నెత్తినేసుకుని, చెయ్యి నొప్పెట్టేదాకా. ఇందాక గున్నమ్మ నన్ను చూసిందన్నానే, పడవలో కాదు, తన పక్కనే నిలబడ్డ నన్ను చూసిందన్నమాట. హారన్ పాడైందని చెప్పబోయి నేను నోరు తెరిచింది కూడా ఇసకలో నిలబడే.

అంచేత ఆ ఒడ్డు సముద్రం మీంచి ఎలా ఉంటుందో నేను చూడలేదు. ఇంటికొచ్చాక పార్వతి ధర్మారావుకి ఫోను చేసింది. వాడప్పటికి ఇంకో సముద్రంలో ఉన్నాడు. పక్కనే కూర్చుని విన్నాను. ఆవిడ చెప్పింది ఇంతే: "తమ్ముడూ, సూసొచ్చాను. సిన్నగుంది. కొండ కూడా కనిపిత్తాది. ఎవలెవలు నిలబడ్డారో అందరూ కనిపించేరు. మీ ఊరు కూడా అలాగే ఉంటాది." అవతల ఫోనులో చాలాసేపు యంత్రాల చప్పుడే వినిపించింది.

ఇసక గీత, సరుగుడు అంచు, అగ్గిపుల్ల, నీలం, అదంతా ఆ నాలుగు మాటల్ని నాలుగుతో హెచ్చవేసి నేను రాసింది. మీరు మళ్ళీ నాలుగుతో భాగించుకుంటే ఆవిడ చూసింది మీకు మిగులుతుంది.